కొలిమి కాడ హాజీ, సాంచాల కాడ జాబరు

కోరుట్ల నుంచి మెట్‌పల్లి దాటి నిజామాబాద్ రోడ్డు పట్టుకుంటే కమ్మర్‌పల్లి వస్తుంది. ఆ మండలంలోనిదే కోనసముద్రం. ఇప్పుడు పోతే కనిపించేవి పసుపు చేలు, మక్క చేలు, గల్ఫ్ పైసలతో లేచిన డాబాలు. రెండు వందల ఏండ్ల కింద ఈ ఊరి ఉక్కు ముద్దల కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చి ఇక్కడే మకాం పెట్టేవాళ్ళు. ఇక్కడి ముద్దలు అక్కడికి పోయి కత్తులయ్యేవి.

లాంబ్టన్ భూసర్వే బృందంలో డాక్టరుగా, రాళ్ళూ ఖనిజాలూ పరిశీలించే మనిషిగా పనిచేసిన హెన్రీ వెస్లీ వోయ్సీ ఆ కొలుములను చూసి వివరంగా రాసిపెట్టాడు. ఆయన 1824లో చనిపోయాడు. రాత 1832లో కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అందులో ఇస్ఫహాన్ వర్తకుడు హాజీ హుసేన్ కనిపిస్తాడు. సరుకు కట్టించుకొని పోవడానికే వచ్చిన మనిషి కాదాయన. కొలిమి పక్కనే నిలబడి, మూసలో పోసే పాళ్ళు తూకం వేయించి, తయారైన ముద్ద గట్టిదనాన్ని తానే పరీక్షించుకునేవాడు.

నా ఉద్యోగమంతా పుణె పక్కన పింప్రి-చించ్‌వడ్‌లో, బ్రేకుల విడిభాగాలు చేసే ఒక కంపెనీ నాణ్యత విభాగంలో గడిచింది. హాజీ గురించి చదివినప్పుడు మా విభాగానికి మూలపురుషుడు దొరికినట్టనిపించింది. ఇస్ఫహాన్‌లో కమ్మరి సుత్తె దెబ్బకు ముద్ద పగిలితే ఇక్కడికొచ్చి అడిగేవాడు లేడు, నెలల ప్రయాణం. చెడిపోవడానికి వీలున్న చోటనే, చెడిపోకముందే నిలబడాలని ఆయనకు తెలుసు.

ఆ పనికే మేము కాగితం నింపేవాళ్ళం. పూర్తి పేరు ఫెయిల్యూర్ మోడ్ అండ్ ఎఫెక్ట్స్ అనాలిసిస్, అందరూ ఎఫ్ఎంఈఏ అంటారు. వస్తువు చేసే ప్రతి మెట్టు దగ్గరా ఆగి, ఇది ఏయే విధాలుగా చెడవచ్చు, చెడితే ఏమవుతుంది, ఎందుకు చెడుతుంది, చెడినట్టు మనకు ముందే తెలుస్తుందా అని రాసుకుంటూ పోవాలి. మూడింటికి ఒకటి నుంచి పది దాకా మార్కులు: దెబ్బ ఎంత పెద్దది, ఎంత తరచుగా వస్తుంది, కనిపెట్టడం ఎంత కష్టం. మూడూ గుణిస్తే ఒక అంకె వస్తుంది, ఎక్కువలో ఎక్కువ 1000. పెద్ద అంకె వచ్చినదాన్ని ముందు సరిచేయాలి. అమెరికా సైన్యం 1949 నవంబరులో ఎంఐఎల్-పి-1629 అనే పత్రంగా దీన్ని మొదట రాసింది. 1960లలో చంద్రుడి మీదికి పోయే అపోలో పనిలో వాడారు. 1970లలో పింటో కారు పెట్రోలు ట్యాంకు గొడవ తర్వాత ఫోర్డ్ కంపెనీ దీన్ని కార్ల తయారీకి గట్టిగా పట్టుకుంది. 1993లో అమెరికా కార్ల కంపెనీలు కలిసి ఒక చేతిపుస్తకం వేశాయి, దాంతో మాలాంటి విడిభాగాల వాళ్ళందరికీ అది తప్పనిసరి అయింది. ఎంత తప్పనిసరి అంటే, చాలా ఫ్యాక్టరీల్లో ఆడిట్ రేపనగా ఈ రాత్రి కూర్చొని నింపేంత.

ఈ కాగితం పట్టుకొని మా ప్రాంతపు పనులను వెనక్కి తిరిగి చూడాలన్నది నా పాత కోరిక. మాది కోరుట్ల. ఇంట్లో అమ్మ బీడీలు చేసేది. మేనమామ సిరిసిల్లలో ఆసామి, అంటే సొంత సాంచాలు (మరమగ్గాలు) పెట్టుకొని సేటు ఇచ్చిన నూలుకు బట్ట నేయించి ఇచ్చేవాడు. రెండు పనుల్లోనూ సరుకు చెడడం, తిప్పికొట్టడం, కోతపెట్టడం చిన్నప్పటి నుంచి విన్నాను. పుణెలో ఆ కాగితం మొదటిసారి చూసినప్పుడు, దీంట్లో ఒక గడి తక్కువుందే అనుకున్నాను. చెడితే నష్టం ఎవరు కట్టాలి? ఆ ప్రశ్నకు అందులో చోటు లేదు.

కోనసముద్రం సంగతి ఇంకొంచెం ఉంది. రెండు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును మూడుకు రెండు పాళ్ళలో కలిపి, మట్టి మూసలో పెట్టి, మూతి మూసి, కొలిమిలో కాల్చేవాళ్ళు. మూస పగిలిందా, ఉక్కు బూడిదలో కలిసిపోతుంది. సందులోంచి గాలి పోయిందా, ఉక్కుకు ప్రాణమైన కర్బనం కాలిపోతుంది. తొందరపడి చల్లార్చారా, ముద్ద పెళుసవుతుంది. ఈ చెడులకు వాళ్ళ దగ్గర ఉపాయాలున్నాయి. మూస మట్టిలో వరి ఊక దండిగా కలిపేవాళ్ళు. ఊక కాలినా దానిలోని సిలికా, బొగ్గు మిగిలి మూస వేడికి కరగకుండా నిలబడుతుంది. ఈ సంగతిని 1980-90లలో థెల్మా లోవ్ అనే పరిశోధకురాలు ఇక్కడి మూస పెంకులను పరీక్షించి చెప్పింది. చల్లార్చడం నిదానంగా చేసేవాళ్ళు. తర్వాత ముద్దకు మట్టి పూసి మళ్ళీ మళ్ళీ కాల్చి సుత్తెకు లొంగేదాకా మెత్తబరిచేవాళ్ళు. 2010లో బెంగళూరులోని నియాస్ పరిశోధన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సిటర్ విశ్వవిద్యాలయం వాళ్ళు కలిసి అప్పటి కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, వరంగల్ జిల్లాల్లో తిరిగి చిట్టెపు దిబ్బలు, పాత కొలుముల జాడలు వందల చోట్ల నమోదు చేశారు. మన ఊళ్ళ శివార్లలో పిల్లలు ఆడుకునే నల్లరాళ్ళ గుట్టల్లో చాలామటుకు అవే.

ఇంగ్లండులో 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చాక చవక ఉక్కు ప్రపంచాన్ని ముంచేసింది, ఇక్కడి కొలుములు ఒకటొకటిగా ఆరిపోయాయి. మూస పగలకుండా చూసుకున్నవాళ్ళకు, సముద్రం అవతల కొత్త పద్ధతి పుడితే ఏం చేయాలో రాసుకునే గడి లేకపోయింది. వాళ్ళనే అనడమెందుకు, పింప్రిలో మాకూ లేకపోయింది.

ఇక బీడీ. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, ఎక్కడ చూసినా మధ్యాహ్నం పూట అరుగుల మీద చాటలు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న ఆడవాళ్ళు కనిపించేవాళ్ళు. గోదావరి అడవుల్లో తునికాకు, ఇళ్ళల్లో వేరే పని దొరకని చేతులు, రెండూ కలిసి ఈ పని ఇక్కడ పాతుకుంది. కంపెనీ ఆకు, తంబాకు తూకం వేసి కమీషన్‌దారుకు ఇస్తుంది, అతను ఇంటింటికీ పంచుతాడు, బీడీలు తిరిగి వస్తాయి. అమ్మ రాత్రే ఆకు తడిపి తడిగుడ్డలో చుట్టి పెట్టేది. పొద్దున కొలత రేకు ఆకు మీద పెట్టి కత్తెరతో కోసేది. ఈనె ఎటు ఉండాలో చూసుకొని తంబాకు పరిచి, చుట్టి, కొన మడిచి, దారం కట్టేది. తడి ఎక్కువైతే ఆకు మీద మచ్చ వస్తుంది, తక్కువైతే చుట్టేటప్పుడు చిట్లుతుంది. తంబాకు ఎక్కువ పెడితే చివరికి తూకం చాలదు, తక్కువ పెడితే బీడీ పుసుక్కున ఆరిపోతుంది. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. ఆమె వేళ్ళు ఒక్కో బీడీని చుట్టిన వెంటనే ఒకసారి నొక్కి చూసేవి. మా కంపెనీలో దాన్ని నూటికి నూరుపాళ్ళ తనిఖీ అంటాం, ప్రత్యేకంగా మనిషిని పెడతాం, జీతం ఇస్తాం.

అసలు తనిఖీ ఆ తర్వాత కార్ఖానాలో జరిగేది. చాటన్ చేసే మనిషి కట్టలు చేతిలోకి తీసుకొని, బాగా లేనివి పక్కకు వేసేవాడు. పక్కకు పోయిన బీడీకి కూలి లేదు. అది ఇంటికి తిరిగి వచ్చేది కూడా కాదు. ఎటు పోతుందని అడిగితే నవ్వు తప్ప జవాబు ఉండేది కాదు. ఇచ్చిన ఆకే చిల్లులు పడి ఉంటే లెక్కకు సరిపడా బీడీలు రావు. తక్కువ పడ్డ ఆకును అమ్మ అంగట్లో కొనుక్కొచ్చి కలిపేది. ముడిసరుకు లోపానికి ముడిసరుకు ఇచ్చినవాడు కట్టకుండా, చేసినవాళ్ళు కట్టే పద్ధతి ఇది. పుణెలో ఇనుప పోత ముక్కలో బుడగలుంటే మేం సరఫరాదారుకు డెబిట్ నోటు పంపేవాళ్ళం. అది రాస్తున్న ప్రతిసారీ నాకు ఆకు కట్ట గుర్తొచ్చేది.

ఇది మా ఒక్క ఇంటి గోడు కాదు. 1966లో పార్లమెంటు బీడీ, సిగార్ కార్మికుల చట్టం చేసినప్పుడు, ముడిసరుకు ఇవ్వడం మీద, బీడీలు తిప్పికొట్టడం మీద, తిప్పికొట్టిన బీడీల కూలి మీద వచ్చే తగాదాలను తీర్చడానికి 39వ సెక్షన్‌లో విడిగా ఏర్పాటు చేసింది. కంపెనీల వాళ్ళు ఆ చట్టాన్నే సవాలు చేస్తే, 1974లో మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని చెప్పింది. ఒక దేశపు పార్లమెంటు కూర్చొని చాటన్ దగ్గరి కోత గురించి ఆలోచించిందంటే, ఆ కోత ఎంత పెద్ద సంగతో అర్థం చేసుకోవచ్చు. చట్టం వచ్చాక కోత పోయిందా అంటే, కోరుట్లలో ఏ అరుగు మీద అడిగినా చెబుతారు.

మల్లాపూర్ మండలం ముత్యంపేటలో చక్కెర ఫ్యాక్టరీ మాట ఒకటి చెప్పి ముందుకు పోతాను. బోధన్‌లో 1937లో పుట్టిన నిజాం షుగర్స్ సంతానమే అది. చెరకు కోసిన గంట నుంచే తీపి తగ్గడం మొదలవుతుంది, అందుకే సీజన్ నడుస్తుండగా గానుగ ఆగకూడదని, సీజన్ లేని నెలల్లో యంత్రమంతా విప్పి, తుడిచి, అరిగిన ముక్కలు మార్చి మళ్ళీ బిగించేవాళ్ళు. యంత్రం ఆగకుండా అంత జాగ్రత్త పడ్డారు. 2002లో అది ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మెదక్ జిల్లా ముంబోజిపల్లి, మూడూ ఒకేసారి లే-ఆఫ్‌తో ఆగిపోయాయి. రైతులు పొలంలో చెరకు పెట్టుకొని దూరపు ఫ్యాక్టరీల కోసం లారీలు వెతుక్కున్నారు.

సిరిసిల్ల కథ కరెంటుతో మొదలుపెట్టాలి. దేశంలో పల్లెలకు కరెంటు ఇవ్వడానికి ప్రయోగంగా ఏర్పాటు చేసిన అయిదు సహకార విద్యుత్ సంఘాల్లో సిరిసిల్లది ఒకటి. 1970లో మొదలైంది, ఇప్పటికీ జనం నోట సెస్ అనే నడుస్తుంది. మానేరు ఒడ్డున గుంట మగ్గాల మీద చీరలు, ధోవతులు నేసే పద్మశాలీల ఊరికి కరెంటు అందింది. మరోపక్క బతకలేక భీవండి, సోలాపూర్, బొంబాయి పోయినవాళ్ళు అక్కడ మరమగ్గం పని నేర్చారు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన బొంబాయి మిల్లుల సమ్మె మొదలై, మిల్లులు మళ్ళీ సరిగా లేవనే లేదు. 1984 మే నెలలో భీవండిలో మతకలహాలు. ఇలాంటి దెబ్బలు తగిలినప్పుడల్లా కొందరు పని నేర్చిన చేతులతో ఇంటిముఖం పట్టారు. భీవండిలో వాడి పడేసిన పాత మగ్గాలు లారీల మీద వచ్చాయి. సిరిసిల్లలో వాటిని సాంచాలన్నారు. తెలంగాణలోని మరమగ్గాల్లో అత్యధికం ఇప్పుడు ఈ ఒక్క ఊరి చుట్టే ఉన్నాయి.

సాంచా ఎన్ని విధాలుగా చెడుతుందో చూడాలంటే కార్ఖానాలో ఒక పూట నిలబడాలి. చప్పుడుకు మాట వినబడదు, సైగలే. ఒక్క కార్మికుడు ఎనిమిది, పది సాంచాల మధ్య సందులో పన్నెండు గంటలు అటూ ఇటూ తిరుగుతుంటాడు. కండె అయిపోయిన సాంచా దగ్గర ఆగి, నాడె తీసి, కొత్త కండె ఎక్కించి, మళ్ళీ నడిపిస్తాడు. అంతలో వెనక సాంచాలో పడుగు పోగు ఒకటి తెగుతుంది. పేక పోగు తెగితే సాంచా తానే ఆగుతుంది, దానికి చిన్న ముల్లు లాంటి ఫోర్కు ఉంది, దారం తగలకపోతే మరను ఆపేస్తుంది. పడుగుకు మాత్రం సాదా సాంచాల్లో అలాంటిదేమీ లేదు. తెగిన పోగు పక్క పోగులకు చుట్టుకుంటుంది. అవి సరిగా పైకి లేవవు. వాటి మధ్య నాడె ఇరుక్కుంటే పోగులు పదుల్లో, ఒక్కోసారి వందల్లో తెగుతాయి. వాటిని ఒక్కొక్కటీ వెతికి అతికేసరికి ఆ సాంచా కూలి పోయినట్టే.

నాడె ఒకసారి ఇటునుంచి అటు పోతే ఒక పిక్కు. నిమిషానికి 110 పిక్కులు, అంగుళానికి 44 పిక్కులు అనుకుందాం. నిమిషానికి రెండున్నర అంగుళాల బట్ట. కార్మికుడు చుట్టు తిరిగి వచ్చేసరికి నాలుగు నిమిషాలు పడితే, చూసేలోపు పది అంగుళాలు చెడిపోయి ఉంటుంది. కంటి మీద ఆధారపడే తనిఖీకి మా కాగితంలో ఏడో ఎనిమిదో మార్కులు వేస్తాం, అంటే దాదాపు దొరకదని. కాగితం ప్రకారం సాంచాలు తగ్గించాలి, లేదా ఆపే పరికరం పెట్టాలి. సిరిసిల్లలో జరిగింది వేరు: బట్ట మడత పెట్టేటప్పుడు లోపం కనబడితే కార్మికుడి కూలిలో కోత.

మామ కార్ఖానాకు ఒక జాబరు వచ్చేవాడు. సాంచాలు బిగించేది, బాగుచేసేది అతనే. చదువు పెద్దగా లేదు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే ఒక్క నిమిషం నిలబడి వినేవాడు. ఒకరోజు మూడో సాంచా దగ్గరికి నేరుగా పోయి మామతో అన్నాడు: "బావా, పికింగ్ బెల్టు సాగింది. నాడె డబ్బల సగం దాకే పోతున్నది. ఇయ్యాల నడుస్తది గని రేపు పొద్దుగాల ఎగురుతది." మామ ఆపించాడు. నాడె ఎగరడమంటే ఆషామాషీ కాదు. కొనకు ఉక్కు మొన ఉన్న కట్టె ముక్క అది, సెకనుకు దాదాపు రెండుసార్లు ఇటునుంచి అటు దూసుకుపోతుంటుంది. దారి తప్పితే ఎదురుగా ఉన్న మనిషి కంటికో కణతకో తగులుతుంది. ఆ జాబరు అన్న ఒక్క మాటలో చెడు, కారణం, ఫలితం, ఎప్పుడు, అన్నీ ఉన్నాయి. మార్కులు వేయలేదు, అంతే.

మార్కుల సంగతి వచ్చింది కాబట్టి. నాడె ఎగిరే ప్రమాదానికి దెబ్బ పది, తరచుదనం రెండు, చప్పుడు బట్టి ముందే పసిగట్టవచ్చు కాబట్టి కనిపెట్టడం రెండు వేస్తే, గుణింతం 40. బట్ట మీద నూనె మరకకు నాలుగు, ఆరు, ఆరు వేస్తే 144. అంటే కాగితం లెక్కలో మనిషి కన్ను కంటే నూనె మరక పెద్దది. ఈ తిక్క లెక్క మీద ఏండ్ల తరబడి వాదాలు నడిచాయి. చివరికి 2019లో అమెరికా, జర్మనీ కార్ల సంఘాలు కలిసి వేసిన కొత్త పుస్తకంలో గుణింతాన్ని పక్కన పెట్టి, దెబ్బ ఎంత పెద్దదో ముందు చూడమన్నారు. జాబరుకు అది ముందే తెలుసని నేను అనను. అతను సాంచా ఆపించిందీ ఎవరి కన్ను గురించో, బెల్టు ఖరీదు గురించో నాకు తెలియదు. ఆపించాడు మాత్రం నిజం.

మగ్గం తానే ఆగడమనే ఆలోచన చాలా పాతది. కార్ట్‌రైట్ 1785లో మరమగ్గానికి పేటెంటు తీసుకుంటే, నాడె అవతలి డబ్బకు చేరకపోతే మగ్గం ఆగే ఏర్పాటుకు 1796లో గ్లాస్గో మనిషి రాబర్ట్ మిల్లర్ పేటెంటు తీసుకున్నాడు. పేక తెగితే ఆపే ఫోర్కు 1841లో ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్‌లో కెన్‌వర్తీ, బుల్లో అనే ఇద్దరి చేతిలో పనికొచ్చే రూపానికి వచ్చింది. పడుగు తెగినా ఆగే మగ్గాలు 1890లలో అమెరికాలో నార్త్రప్ మగ్గంతో వ్యాపారంలోకి వచ్చాయి. జపాన్‌లో తొయొద సకిచి 1924లో తెచ్చిన జి-రకం మగ్గం నడుస్తూనే నాడె మార్చుకునేది, పోగు తెగితే ఆగేది. దాని హక్కులను 1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ లక్ష పౌండ్లకు కొన్నది. ఆయన కొడుకు కిఇచిరో కార్ల వైపు మళ్ళాడు, 1937లో టొయోటా మోటార్ పుట్టింది. తప్పు జరగగానే యంత్రం ఆగాలి, తప్పుడు సరుకు ముందుకు పోకూడదు అనే టొయోటా సూత్రం మగ్గంలోంచి వచ్చిందే. పింప్రిలో మాకు ఆ పాఠం చెప్పడానికి జపాన్ వాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళు తెరమీద మగ్గం బొమ్మ చూపించినప్పుడు క్లాసులో దాన్ని గుర్తుపట్టింది ఇద్దరం, నేను, సోలాపూర్ నుంచి వచ్చిన ఒక పద్మశాలి కుర్రాడు.

ఇన్ని తెలిసి ఉండగా, పడుగు తెగితే ఆగే పరికరం సిరిసిల్లకు ఎందుకు రాలేదు? సెకండ్‌హ్యాండ్ సాంచా కొన్నవాడికి ఆ పరికరం అదనపు ఖర్చు, సాంచా తరచుగా ఆగుతుంది కూడా. కార్మికుడి చూపు చవక, తప్పిపోయిన దానికి కోత ఉండనే ఉంది. సాదా మరమగ్గాలకు పేక, పడుగు తెగితే ఆపే పరికరాలు, బ్రేకులు బిగించడానికి కేంద్ర ప్రభుత్వం సబ్సిడీ ఇస్తూ, ఆ పథకాన్ని 2017 ఏప్రిల్ 1న పవర్‌టెక్స్ ఇండియా పేరుతో విస్తరించింది. బ్లాక్‌బర్న్ ఫోర్కుకు, ఈ సబ్సిడీకి నడుమ 176 ఏండ్లు.

సాంచాను దాటి చూస్తే ఇంకా పెద్ద చెడులున్నాయి. నూలు సేటుది, బట్ట సేటుది. సాంచాలు, షెడ్డు, కరెంటు బిల్లు ఆసామివి. పని, కన్ను, నడుము కార్మికుడివి, వాటికి కూలి పది పిక్కులకు ఇన్ని పైసలని. నూలు ధర పెరిగితే సేటు నూలు ఆపుతాడు, సాంచాలు ఆగుతాయి. సేటుకు నష్టం ఆగుతుంది. ఆసామికి షెడ్డు కిరాయి, అప్పు మీద వడ్డీ ఆగవు. కార్మికుడికి ఆ వారం ఏమీ లేదు. చేనేతను కాపాడడానికి 1985లో చేసిన రిజర్వేషన్ చట్టం కొన్ని రకాల బట్టలను మరమగ్గాలకు నిషేధించింది. 1990ల చివర నుంచి పాలిస్టర్ ఊపందుకొని ఊరు ఊరంతా దాదాపు ఒకే రకం చవక గుడ్డ మీద, లంగా గుడ్డల మీద పడింది. సూరత్ కొత్త మగ్గాలు ఇంకా చవకగా నేయడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత జరిగింది అందరికీ తెలుసు. 2000 దశకంలో సిరిసిల్లను ఉరిసిల్ల అని పత్రికలు రాశాయి. కార్మికులు, చిన్న ఆసాములు వరుసగా ప్రాణాలు తీసుకున్నారు. చనిపోయిన వాళ్ళ ఇళ్ళల్లో బీడీల చాటలు ఉన్నాయి. భర్త బట్ట మీద కోత, భార్య బీడీల మీద కోత, రెండూ ఒకే ఇంటి మీద.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనలేం. కరెంటు చార్జీలో సగం రాయితీ వచ్చింది. బద్దెనపల్లిలో టెక్స్‌టైల్ పార్కు వచ్చింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం పొదుపు పథకం పెట్టింది, మరమగ్గాల కార్మికుడు కూలిలో 8 శాతం కడితే ప్రభుత్వం అంతే కలుపుతుంది. అదే ఏడాది, పండుగకు ప్రభుత్వం ఆడవాళ్ళకు పంచే బతుకమ్మ చీరలు మొదలయ్యాయి. మొదటి ఏడు సగం చీరలు సూరత్ నుంచే తేవాల్సి వచ్చింది, నాసిరకమని కొన్ని ఊళ్ళలో ఆడవాళ్ళు వాటిని రోడ్డు మీద కాల్చారు. మరుసటి ఏడాది నుంచి ఆర్డరు మొత్తం ఇక్కడికే. కోటి చీరల ఆర్డరు. ఆరు మీటర్ల ముప్పై సెంటీమీటర్ల చీర, పెద్దవాళ్ళకు తొమ్మిది మీటర్లది. నెలల తరబడి సాంచాలు రాత్రింబవళ్ళు నడిచాయి. భీవండి పోయినవాళ్ళు కొందరు వాపసు వచ్చారు. మామ అప్పటికి పెద్దవాడయ్యాడు, సాంచాలు కొడుకు చూసుకుంటున్నాడు. పండుగ పూట ఫోన్ చేస్తే చప్పుడులో ఒక్క ముక్క వినబడేది కాదు.

అప్పుడే నాకు భయం వేసింది, మా విభాగం వాళ్ళకుండే పాడు అలవాటు అది. ఇన్ని వేల సాంచాలకు ఒక్కరే కొనేవాడు. ఏడాదికి ఒక్కటే పండుగ. ఆర్డరు ఆలస్యమైతే ఏమవుతుంది? ఆగిపోతే? ఏ కాగితంలో రాసినా దెబ్బకు పదికి పది పడాల్సిన ప్రశ్న. 2023 ఎన్నికల తర్వాత ప్రభుత్వం మారింది. 2024 మొదట్లో పాలిస్టర్ సాంచాలు చాలావరకు ఆగిపోయాయి, ఆ ఏడు బతుకమ్మ చీరలు లేవు. ఎవరిది తప్పు, పాత బాకీలు ఎంత అన్న రాజకీయ వాదం ఎప్పటికీ తెగదు. ఆత్మహత్యల వార్తలు మళ్ళీ వచ్చాయి. 2024 నవంబరులో వేములవాడలో నూలు డిపో ప్రారంభమైంది, 2025లో మహిళా సంఘాల సభ్యులకిచ్చే చీరల ఆర్డరు వచ్చింది. నూలు కోసం సేటు ముఖం చూడనక్కరలేకుండా చేసేది ఏదైనా మంచిదే. కానీ కొనేవాడు మళ్ళీ ఒక్కడే.

నేను ప్రభుత్వ చీరలకు వ్యతిరేకిని కాదు. అవి లేకపోతే ఆ ఆరేడేండ్లు సిరిసిల్ల ఏమై ఉండేదో ఊహించగలను. నా తగాదా ఆర్డరు కాగితంతో. అందులో పోగు నంబరు ఉంటుంది, పిక్కులు ఉంటాయి, రంగు ఉంటుంది, పొడవు సెంటీమీటర్లతో సహా ఉంటుంది, ఆలస్యం చేస్తే ఆసామికి ఏమవుతుందో కూడా ఉంటుంది. ఆర్డరు ఇచ్చినవాళ్ళు ఆలస్యం చేస్తే సాంచా దగ్గర నిలబడ్డ మనిషికి ఆ వారాల కూలి ఎవరు కడతారో ఉండదు. సిరిసిల్లలో ఆసాముల సంఘాలున్నాయి, కార్మిక సంఘాలున్నాయి. వచ్చే ఆర్డరు మీద సంతకం పెట్టే ముందు ఆ ఒక్క గడి రాయించుకోండి: ఆర్డరు ఫలానా తేదీలోపు రాకపోతే, నూలు ఫలానా తేదీలోపు అందకపోతే, ఆగిన సాంచాకు రోజుకు ఇంత, కట్టేది వీళ్ళు. అంకె ఎంతో బేరమాడుకోవచ్చు. గడి ఖాళీగా ఉంటే మాత్రం కట్టేది కార్మికుడే.